చిన్నపోలయ్య తువాలు

చిన్నపోలయ్య తువాలు తిప్పితే బంగాళాఖాతం పది బారలు వెనక్కి పోయేది. విడవలూరు మండలం తీరంలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. సరే, ఎవరినడిగినా చెప్పరు. పది బారలు కూడా కాదు. ఆటు మొదలయ్యే వేళ చూసుకుని తిప్పేవాడు, పేరు తువాలుకొచ్చేది. కానీ అది తిరిగితే అరవై మంది మగాళ్ళు వెనకాముందూ చూడకుండా పరిగెత్తేవాళ్ళన్నది మాత్రం అచ్చమైన నిజం. ఆ నిజమే అతని కొంప ముంచింది.

వాళ్ళ పాలెంలో ఇప్పటికీ అలివి వల వేస్తారు. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకుపోయి చుట్టూ తిప్పుకొచ్చాక, దాని రెండు కొసల తాళ్ళను ఒడ్డున రెండు జట్లు పట్టుకుంటాయి. చేపల గుంపు ఎటు కదులుతోందో ఇసుకదిబ్బ మీద నిలబడి చూసేవాడు ఒక్కడే, చిన్నపోలయ్య. తల మీది ఎర్రగళ్ళ తువాలు తీసి గాల్లో తిప్పాడంటే, రెండు పక్కలా మూసుకురండి అని అర్థం. ఎందుకని అడగకూడదు. అడిగేలోపు చేప పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు.

దిబ్బ దిగితే అతని కాపురమంతా ఖాదర్ బాషా టీ అంగట్లోనే. అక్కడి టీవీలో ఏ ఊరి ధర్నా చూపించినా అతనిది ఒకటే తీర్పు.

"నాలుగు తగిలిస్తే గానీ దారికి రారబ్బా. పోలీసోళ్ళు మరీ మెత్తబడిపోయినారు."

"నీ వీపు కాదు గదా మామా," అనేవాడు ఖాదర్ బాషా టీ వడబోస్తూ.

"నా వీపుకేం పని ఆడ? రోడ్డు మీద కూర్చునేది పనీపాటా లేనోళ్ళు."

పోయిన వేసవిలో పాలెం మొత్తం వెళ్ళి రోడ్డు మీద కూర్చుంది. రేవుకు పోయే దారికి అడ్డంగా ఎవరో కంపెనీవాళ్ళు గోడ మొదలుపెట్టారు. నెల్లూరు నుంచి జెండాలతో నాయకులొచ్చారు, మైకు వచ్చింది, వెనకే రెండు వ్యాన్లలో పోలీసులొచ్చారు. చిన్నపోలయ్యా వెళ్ళాడు. వెళ్ళకపోతే తమ్ముడి భార్య గంగాభవాని ఊరుకోదు. తమ్ముడు పోయినప్పటి నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తున్న మనిషి.

"గోడ లేస్తే నా గంప యాడ నుంచి రావాల బావా? ఆకాశంలో నుంచా?" అంది.

కూర్చోవడం వరకు బాగానే కూర్చున్నారు. రోడ్డుకు రెండు పక్కలా జనం, మధ్యలో పోలీసులు. చిన్నపోలయ్యకు ఎత్తు మీద నిలబడటం అలవాటు గనక గోడ కోసం పోసిన కంకర గుట్ట ఎక్కాడు. ఎండ మాడుస్తోంది. నాయకుడి ఉపన్యాసం గంట దాటింది. చెమటకు ఈగలు ముసిరాయి. తోలుకుందామని తువాలు తీసి తల చుట్టూ రెండుసార్లు తిప్పాడు.

అరవై మంది లేచారు. ఎందుకని ఎవరూ అడగలేదు. రెండు పక్కల నుంచీ మధ్యకు మూసుకుంటూ పరిగెత్తారు. మధ్యలో ఉన్నవి చేపలు కావు.

లాఠీలు లేచాయి. ఎదురొచ్చినవాళ్ళ మీదే కాదు, కింద పడ్డవాళ్ళ మీదా, పారిపోతున్నవాళ్ళ మీదా పడ్డాయి. గంగాభవాని అసలు లేవనే లేదు. నాయకుడి వైపు తిరిగి కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడి మణికట్టు విరిగింది. చిన్నపోలయ్య గుట్ట మీద నుంచి జారుతూ వచ్చి, అదే తువాలుతో ఆ చెయ్యి మెడకు కట్టి ఆటో ఎక్కించాడు. "మా బావ ఉండబట్టి సరిపోయింది," అని ఆమె ఆస్పత్రి దాకా కనబడినవాళ్ళందరికీ చెప్పింది. చెప్పినప్పుడల్లా అతను ఆటోలో ఇంకాస్త ముడుచుకున్నాడు.

మర్నాడు టీవీలో వాళ్ళ రోడ్డును అర నిమిషం చూపించారు. ఏ ఊరి అంగట్లోనో ఎవడో టీ ఊదుకుంటూ ఏమంటుంటాడో చిన్నపోలయ్యకు బాగా తెలుసు.

"ఏం మామా, నాలుగు తగిలించినారు గదా. దారికొచ్చినామా?" అన్నాడు ఖాదర్ బాషా.

అతను గ్లాసు అక్కడే పెట్టి లేచిపోయాడు.

వారం తిరిగేసరికి పదకొండు మంది మీద కేసు పడింది. ముందే పథకం వేసుకుని రెండు వైపుల నుంచి పోలీసుల్ని చుట్టుముట్టారట. ఆ పదకొండు మందిలో ఒకడు పెంచల్, తలకు కట్టుతో ఇంటికొచ్చి గుసగుసగా అన్నాడు. "భయపడమాక మామా. మూసుకురమ్మని చెప్పింది నువ్వేనని మా నోట రాదు. చంపినా రాదు."

వాళ్ళంతా అతను కావాలనే తిప్పాడనుకుంటున్నారు! 'ఈగలురా' అని చెప్పడానికి చిన్నపోలయ్యకు నోరు రాలేదు. తలకు కట్టున్నవాడికి ఎలా చెబుతాడు?

విచారణకు నెల్లూరు కలెక్టరాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చి తుఫాను షెల్టర్లో కూర్చుంది. ఎవరైనా సైగ చేశారా అని అందరినీ అడిగింది. అందరూ లేదన్నారు. చిన్నపోలయ్యా "లేదమ్మా" అని బయటికి నడిచాడు. గుమ్మంలో తన వంతు కోసం గంగాభవాని నిలబడి ఉంది, మెడలో ఎర్రగళ్ళ తువాలు, అందులో చెయ్యి. అతను వెనక్కి తిరిగాడు.

"అమ్మా, సైగ నాదే. పథకం లేదు, పాడూ లేదు. ఈగల్ని తోలుకున్నా. వల కాడ తువాలు తిరిగితే పరిగెత్తే అలవాటు మావోళ్ళకు, అంతే."

మేడమ్ కళ్ళజోడు తీసింది. "ఈగల్ని తోలితే పోలీసుల మీదికి అరవై మంది పోయారా? నేనెట్లా కనబడుతున్నాను పెద్దాయనా?"

అతను గంగాభవాని ముఖం చూడకుండా చెయ్యి చాపాడు. ఆమె ఎడమ చేత్తో తువాలు మెడలోంచి తీసి ఇచ్చింది. షెల్టరు మెట్ల మీద నిలబడి అతను దాన్ని గాల్లో తిప్పాడు.

ఇసుకలో కూర్చున్నవాళ్ళు బీడీలు పారేసి రెండు పక్కల నుంచీ దూసుకొచ్చారు. కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు లాఠీలెత్తారు. మేడమ్ చూస్తోందని గుర్తొచ్చి, ఎత్తినవాటిని అలాగే గాల్లో ఆపేశారు.

"వీళ్ళు వల లాగే అలవాటుకొద్దీ పరిగెత్తారు," అందామె. "మీరు ఏ అలవాటుకొద్దీ ఎత్తారయ్యా?"

వాళ్ళు లాఠీలు వెనక దాచుకున్నారు. ఆమె రాసుకుంది. కొన్నాళ్ళకు పదకొండు మంది మీద కేసు ఎత్తేశారు. లాఠీల సంగతి ఫైల్లో ఉందంటారు. ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పరు.

ఆ రోజు గంగాభవాని తువాలు తిరిగి తీసుకుని, చెయ్యి అందులో పెట్టుకుని, ఒకే మాట అంది. "ఈగలు నా మీదా వాలినాయి బావా. నేను తోలుకోలేదు."

ఆ చెయ్యి ఇప్పటికీ బరువు మొయ్యదు, తువాలూ ఆమె దగ్గరే ఉంది. తెల్లవారగానే చిన్నపోలయ్య ఆమె గుమ్మం ముందుంటాడు. గంప తన నెత్తిన పెట్టుకుని ఆమె వెనకే ఊళ్ళు తిరుగుతాడు. ఆమె రమ్మనదు, వద్దనదు.

ఇదంతా రాసి నేను చదివి వినిపిస్తే చిన్నపోలయ్య గంప దించకుండానే విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు. "గుట్టా లేదు, ఈగలూ లేవు. ఆ పొద్దు నేను కళ్ళ డాక్టరు కాడికి నెల్లూరు పోయినా. అసలు నాకు తువాలే లేదు. కావాలంటే చూసుకో."