ఎద్దులు నా లారీని లాగిన పొద్దు

లారీ ఎద్దుల్ని మోసుకుపోవడం మీరు చూసే ఉంటారు. ఎద్దులు లారీని లాక్కుపోతుంటే, అందులో డ్రైవరు స్టీరింగు పట్టుకుని పెళ్లికొడుకులా కూర్చోవడం చూసినవాళ్లు మాత్రం ఎమ్మిగనూరు రోడ్డు పక్క పల్లెల్లోనే ఉంటారు. ఆ డ్రైవరును నేనే. ఆ పొద్దు నా పరువు ఎట్లా గంగలో కలిసిందో, మళ్లీ మేళతాళాలతో ఎట్లా తిరిగొచ్చిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఆపుకోమన్నా మీరు ఆపుకోరని నాకు తెలుసు.

డెబ్భైల చివరి మాట. ఆదోనిలో ఒక పాత లారీ పెట్టుకుని పత్తి కాలంలో పత్తి, శనక్కాయల కాలంలో శనక్కాయలు తోలుతుండేవాణ్ణి. నాకు డ్రైవింగు ఎంత వచ్చో ఏమో గానీ, రిపేరు మాత్రం బ్రహ్మాండంగా వచ్చన్న నమ్మకం ఉండేది. ఒక మెకానిక్కు షెడ్డులో కొన్నాళ్లు చేతులు కట్టుకుని నిలబడి చూసిన చదువు అది. ఎవరి లారీ ఆగినా సరే, బానెట్టు ఎత్తి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "ఊఁ... అర్థమైంది" అనేవాణ్ణి. ఏమర్థమైందని ఎవరూ అడగకపోవడం నా అదృష్టం.

ఆ ఏడు పుష్యమాసంలో చలి విరగబడింది. చలితో పాటే నా లారీకి జబ్బు చేసింది. పొద్దున్నే స్టార్టు కాదు. బతిమాలితే అవుతుంది, అయి దగ్గుతుంది. కాస్త ఎత్తు వస్తే చాలు, తెల్లపొగ వదులుతూ మెట్లెక్కే ముసలమ్మలా ఆయాసపడుతుంది. విచిత్రమేమిటంటే, పొద్దెక్కే కొద్దీ తేరుకుంటుంది. మధ్యాహ్నానికి గుర్రమే.

నేను చెవి ఆనించి రోగం కనిపెట్టేశాను. చలికి డీజిలు చిక్కబడుతోంది! మా ఇంట్లో కొబ్బరినూనె గడ్డ కట్టింది కదా, డీజిలుకు మాత్రం చలి ఉండదా అని నా తర్కం. చలి నాకూ ఉంది కాబట్టి, అది మొదలైన రోజే బజారులో చిన్న బిందెంత ఫ్లాస్కు కొనుక్కున్నాను. మా అమ్మ దాని నిండా అల్లం టీ పోసిచ్చేది. డ్యాష్‌బోర్డు కింద తగిలించుకుని దారి పొడుగునా తాగుతూ పోయేవాణ్ణి. మందులన్నీ లారీకి, టీ నాకు.

అట్లాంటి రోజుల్లో పెద్దకడుబూరు నుంచి ఈరన్న మామ కబురు పంపాడు. ఎమ్మిగనూరులో బండలాగుడు పోటీ. ఆయన ఎద్దుల జతను తీసుకుపోవాలి. బంధుత్వం లేకపోయినా ఆయన నాకు మామ, ఆయన భార్య నాగమ్మ నాకు అత్త. ఈరన్న మామ ఆ ఎద్దుల్ని దూడలప్పటి నుంచి పోటీ కోసమే పెంచాడు. తను జొన్నరొట్టె తిని వాటికి ఉలవలు పెట్టాడు. అయినా ఏటా ఎవరో ఒకరు వాటిని దాటేసేవాళ్లు. ఈసారి నాగమ్మత్త తీర్పు చెప్పేసింది: "గెలిస్తే సరే. లేకుంటే రేపట్నుంచి మడక్కు కట్టి దున్నిస్తా."

తెల్లారేసరికి వాళ్ల ఊరు చేరాను. ఎద్దుల్ని, కాడిని, మోకుల్ని, సాయానికి వచ్చిన నలుగురైదుగురు మనుషుల్ని ఎక్కించాం. మామ, అత్త నా పక్కన కూర్చున్నారు. కొంత దూరం పోయాక చిన్న ఎత్తు వచ్చింది. లారీ దగ్గింది, తుమ్మింది, ఒకసారి ఒళ్లంతా వణికి ఆగిపోయింది.

"ఏమైనాదిరా మాబూ?" అంది నాగమ్మత్త.

"సలి అత్తా. డీజిలు సిక్కబడిండాది."

"నీ బండికి సలి పెట్టిండాదా? అయితే నా దుప్పటి కప్పుదామా?"

వెనక మనుషులు పగలబడి నవ్వారు. నేను పట్టించుకోకుండా కిందికి దిగాను. పక్క చేనులో కళ్లం కాపు కాసేవాళ్ల దగ్గర నీళ్లు కాయించి తెచ్చి డీజిలు పంపు మీద పోశాను. స్టార్టు కొట్టాను. కాలేదు. డీజిలు పైపు విప్పి, గాలి చేరిందేమోనని బయటికి తీశాను. కాలేదు. ఫిల్టరు కడిగాను. కాలేదు. గోనెపట్టా కాల్చి ఇంజను కింద పొగపెట్టాను. ఇంజను కదల్లేదు గానీ లారీలో ఎద్దులు బెదిరి కదిలాయి.

"ఒరేయ్, లారీకి వైద్యం సేస్తాండావా, దయ్యం వదిలిస్తాండావా?" అన్నాడు మామ. ఆయన గొంతులో నవ్వు లేదు. కళ్లు ఎమ్మిగనూరు వైపే ఉన్నాయి. పేరు పిలిచే వేళకు జత అక్కడ లేకపోతే అంతే.

నేను స్టార్టు మీద స్టార్టు కొట్టి బ్యాటరీని కూడా చంపేశాను. చివరికి అది "టిక్" అనడం కూడా మానేసింది.

"ఇప్పుడేం సేద్దామప్పా?"

"లాక్కుంటా పోతే స్టార్టు అవుతాది మామా."

"లాగేదెవరు?"

 మెల్లగా వెనక్కి తిరిగి ఎద్దుల వైపు చూశాను. మామ నన్ను చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే చెమట పడుతుంది. "నా పోటీ ఎద్దుల్నా? నీ డొక్కు బండికా?"

నాగమ్మత్తే తేల్చింది. "ఈడ నిలబెట్టి పూజ సేస్తావా వాటికి? దించు!"

రోడ్డు పక్క మట్టిదిబ్బ ఉంటే, అందరూ కలిసి లారీని నెట్టి వెనక భాగాన్ని దానికి ఆనించారు. ఎద్దుల్ని దించి కాడి కట్టారు. వాళ్లు మోకులు బిగించేలోగా నేను మంచితనం చూపించుకోవాలని ఫ్లాస్కు తీసి అందరికీ టీ పోశాను. చుక్క మిగల్లేదు. ఖాళీ ఫ్లాస్కును దాని చోట తగిలించి, గేరు వేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను.

"హేయ్!" అన్నాడు మామ. ఎద్దులు మెడలు వంచాయి. లారీ కదిలింది! చేలల్లో పనిచేసేవాళ్లు కొడవళ్లు పారేసి పరుగెత్తుకొచ్చారు. ఒకాయన నడుస్తూనే కిటికీలో తల పెట్టి, "అన్నా, డీజిలు ఆదా సేస్తాండావా?" అని అడిగాడు. నేను ముందుకే చూస్తూ కూర్చున్నాను. కొంచెం వేగం రాగానే క్లచ్చి వదిలాను. ఒక్క కుదుపు! ఇంజను పులిలా గర్జించింది.

"సూసినారా!" అని అరిచాను. "గాలి తీసినా కదా! దాని మహిమ!"

మళ్లీ ఎద్దుల్ని ఎక్కించి ఎమ్మిగనూరు చేరేదాకా నా ప్రసంగం ఆగలేదు. ఊరి మొగదల ఇంజను ఆపకుండానే ఒక హోటలు దగ్గర నిలిపి, ఫ్లాస్కు నిండా టీ పోయించి, తగిలించి, బండి ముందుకు తీశాను. సరిగ్గా పోటీ మైదానం ముందుకొచ్చేసరికి, వేల జనం మధ్య, లారీ మళ్లీ ఆగిపోయింది.

"మళ్లా సలేనా?" అంది నాగమ్మత్త. నెత్తిన ఎండ మాడుతోంది.

 అత్త దాహంగా ఉందంటూ ఫ్లాస్కు తీసుకుంది. తీయగానే డ్యాష్‌బోర్డు కింద ఏదో టక్కుమని లోపలికి పోయింది. నా గుండె కూడా. డీజిలు లారీని ఆపడానికి ఒక గుండీ ఉంటుంది. దాన్ని లాగితే ఇంజనుకు డీజిలు అందదు. ఇన్నాళ్లూ నేను ఫ్లాస్కు తగిలిస్తున్నది ఆ గుండీకే! నిండు ఫ్లాస్కు బరువుకు గుండీ దిగేది, లారీ దగ్గేది. నేను తాగే కొద్దీ బరువు తగ్గేది, లారీ తేరుకునేది. నేనేమో ఎండ మహిమ అనుకున్నాను.

"ఏమిరా, అట్ల తెల్లబోయినావు?" అంది అత్త. చెప్పక తప్పలేదు. ఆమె నవ్వు మైకులో వినిపించే మాటల్ని మింగేసింది.

లారీ అక్కడే వదిలేసి ఎద్దుల్ని దించి పరుగు తీశాం. మామ పేరు అప్పుడే పిలుస్తున్నారు. "లారీ లాగి అలిసిపోయిండే ఎద్దులంట, ఇంగ బండేం లాగుతాయి!" అని ఎవరో ఎగతాళి చేశారు. మామ ముఖంలో నెత్తురు లేదు. నేను గుంపు వెనక దాక్కున్నాను. ఓడితే ఆ కాడికి నన్నే కడతారని నాకు సందేహం లేదు.

ఎద్దులు బండ అందుకున్నాయి. అందుకున్నాయి అనడం తక్కువ. బండ వాటి వెనక తోకలా వచ్చేసింది! గడువు ముగిసేసరికి అంతవరకు లాగిన జతలన్నిటినీ దాటేశాయి. తర్వాత వచ్చినవాళ్లెవరూ అవి బండను చేర్చిన గీత దరిదాపులకు రాలేదు. మామ నన్ను వెతికి పట్టుకుని భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"సలి నీ లారీకి కాదప్పా, నా ఎద్దులకు! ఏటా సలిగాలికి లారీలో నిలబడొచ్చి బిగుసుకుపోయి ఓడిపోతాండె. ఈ పొద్దు నీ బండి లాగి ఒళ్లు కాగినాయి!"

ఎద్దులకు వేసిన దండల్లో ఒకటి నా మెడలో పడింది. రోగం సరిగ్గానే కనిపెట్టాను, రోగి ఎవరన్నదే పొరపాటు.

మరుసటి ఏడు పోటీలకు ముందు మామ ఆదోనికి వచ్చాడు. "మాబూ, లారీ ఎట్లుండాది?"

"గుర్రం మామా! ముట్టుకుంటే స్టార్టు!"

మామ ముఖం వాడిపోయింది. "అట్లనా... అయితే వద్దులే. దావలో నిలబడిపోయే లారీ యాడన్నా ఉంటే సెప్పు."

స్టీరింగు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: నా కంఠంలో ప్రాణం ఉండగా స్టాపు గుండీకి పూలదండ కూడా తగిలించను. బండలాగుడు పోటీల రోజు సంగతి మాత్రం నన్ను అడగొద్దు.