మామ్మ అంటించిన తోక

నా చిన్నప్పుడు, తొంభైల్లో, ఒడిశా కొండల్లోని నారాయణపట్నలో మా కిరాణా కొట్టు వెనకాలే మా ఇల్లు. పక్కింట్లో బడిలో సైన్సు చెప్పే అక్క ఉండేది. వాళ్ళు క్రైస్తవులు. డిసెంబరు రాగానే గుమ్మానికి కాగితం చుక్క కట్టేది. ఓ ఏడాది దానికి తోక అతకలేక అవస్థ పడుతుంటే, వంకర పని చూడలేని మా మామ్మ మైదా జిగురు కాచి పట్టుకెళ్ళి, రంగు కాగితాలతో తనే తోక అంటించి వచ్చింది.

ఆ తర్వాతి ఎండాకాలం మొదట్లో పడమటి ఆకాశంలో నిజం తోకచుక్కే కనిపించడం మొదలైంది. బజారంతా హడలిపోయింది. అప్పటికి మా అమ్మకి నెలలు నిండుతున్నాయి. మామ్మ గ్రహణానికి చేసినట్టే కిటికీలకు దుప్పట్లు కట్టి, పొద్దు వాలితే అమ్మని గది కదలనిచ్చేది కాదు. గ్రహణమైతే కాసేపట్లో విడుస్తుంది, ఇది వారాలైనా పోలేదు. గాలాడని ఆ గదిలో అమ్మని చూస్తే నాకు మామ్మ మీద ఒళ్ళు మండేది.

ఒక సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. నాన్న సరుకు కోసం పార్వతీపురం వెళ్ళాడు. బిడ్డ అడ్డం తిరిగింది, నావల్ల కాదు, కొరాపుట్ ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. అక్క పరుగున వెళ్ళి జీపు తెచ్చింది. చీకటి ముదిరితే ఘాటీ కొండదారి ఎక్కనని డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అప్పటికే చుక్క పొడిచింది. మామ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తోకసుక్క ఉండగా కడుపుతో ఉన్నదాన్ని గడప దాటిస్తారేటే? అది దిగిపోనీ, అప్పుడెల్దురుగాని."

లోపల అమ్మ మూలుగు ఆగిపోయింది. మూలుగు కంటే ఆ నిశ్శబ్దానికే నాకు ప్రాణం పోయినంత పనైంది. మామ్మని తోసేద్దామనుకున్నాను. అక్క మాత్రం గొంతు పెంచలేదు.

"మామ్మా, మా క్రిస్మస్ సుక్కకి తోక ఎవులంటించేరు? నువ్వే కదేటి. ఆ బాలుడు పుట్టినప్పుడు ఒచ్చింది తోకసుక్కే. పుట్టేవోళ్ళకి అది దారి సూపిస్తాది."

మామ్మ తన చేతివేళ్ళ వంక చూసుకుంది. తర్వాత లోపలికెళ్ళి, తనే అమ్మ చంకల కింద చేతులు వేసి లేవదీసింది.

నేను ఏడ్చి గోల చేసి జీపెక్కాను. అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ బాలుడు పుట్టినప్పుడు వచ్చింది నిజంగా తోకచుక్కేనా అని అడిగాను.

"తెలీదమ్మీ. తోకసుక్కంటారు కొందరు. గురుడూ శనీ దగ్గిరికొచ్చి ఒక్కటిగా అవుపించేయంటారు. కొత్త సుక్క బగ్గుమని ఎలిగి ఆరిపోయిందనీ అంటారు. రుజువెవులూ సెయ్యలేదు. మామ్మకి సగమే సెప్పేను."

తమ్ముడు తెల్లారేలోగా పుట్టాడు. అమ్మ దక్కింది.

ఇంటికి వచ్చిన రోజునే అక్క వచ్చి మామ్మ ముందు కూర్చుని, మిగతా సగమూ చెప్పేసింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మామ్మ ముఖం మాడ్చుకుని నెలల తరబడి అక్కతో మాట్లాడలేదు. ఆ డిసెంబరులో మాత్రం తమ్ముణ్ణి చంకనేసుకుని, జిగురు గిన్నెతో అక్క గుమ్మంలోకి వెళ్ళింది.

"ఏ సుక్కయితే నాకేటి? తోక నేనే అంటిస్తాను," అంది.

ఇప్పుడు భయంలో ఉన్నవాళ్ళని సగం మాటతో గట్టెక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ, మిగతా సగం పట్టుకుని నేను వాళ్ళ గుమ్మం ఎక్కుతాను. ముఖం మాడ్చుకుంటారని తెలుసు. అయినా ఎక్కుతాను.