చివరి పలక మీది మాట

ఒక పెద్దావిడ ముప్పై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చిన మాటను ఒక్క నిమిషంలో తప్పని తేల్చిన ఘనత నాది. గుడివాడలో మా నాన్న కిరాణా కొట్లో, కాటా పక్కన పెరిగినదాన్ని. నా తూకంలో తేడా రాదు.

ఈ ఉదయం జురాంగ్ ఈస్ట్ స్టేషన్‌లో రైలు తలుపులు మూసుకున్నాక, ప్లాట్‌ఫారం మీద ఒకామె అద్దానికి అవతల నిలబడి లోపలున్న ఒకతనితో ఏదో చెప్పింది. పెదవులు కదిలాయి, మాట వినపడలేదు. అతను తల ఊపాడు. రైలు కదిలింది. నాకు శారదాంటీ గుర్తొచ్చారు.

ఉద్యోగానికి ఈ దేశం వచ్చిన కొత్తలో ఆవిడ ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అంకుల్ అప్పటికే లేరు. అద్దె దగ్గర గంటసేపు బేరమాడినా ఆంటీ దిగిరాలేదు. చివరికి, "సరే, రోజూ పొద్దున కాఫీ అయినా కొసరు వెయ్యండి" అన్నాను.

"వేస్తాలే. ఆదివారాలు నువ్వు నాకో సినిమా చదివిపెట్టాలి మరి."

"సినిమా చదవడమేంటి ఆంటీ?"

"మాటల్లేని సినిమా అమ్మాయ్. మధ్యమధ్యలో ఇంగ్లీషులో మాటలు రాసిన పలకలొస్తాయి. మీ అంకుల్ చదివేవారు. ఆయన పోయాక ఉత్త బొమ్మలే చూస్తున్నా."

యుద్ధకాలపు కథ అది. ఒక తింగరి సైనికుడు, అతని కోటు బాగుచేసే దర్జీ పిల్ల. ఆమె శత్రువుల గూఢచారి. కోటు లోపలి గుడ్డలో రహస్య ఉత్తరాలు పెట్టి కుట్టేస్తుంది. ఆ సంగతి తెలియని అతను, ఆమెను చూడడం కోసం కావాలనే గుండీలు తెంపుకుని వస్తుంటాడు. తెగిన ప్రతి గుండీకీ ఆంటీ నవ్వేవారు. మొదటి ఆదివారం సగంలో మకాన్‌కి, అదే భోజనానికి, వేళయింది. మిగతా సగం మరుసటి వారం చూశాం.

చివర్లో ఆ పిల్ల పారిపోతూ, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి అతనితో ఏదో అంటుంది. పలక వచ్చింది. "నాకోసం ఎదురుచూడకు" అని చదివాను.

ఆంటీ రిమోట్ నొక్కి ఆపారు. "సరిగ్గా చూడు. 'కాఫీ చల్లారకముందే వచ్చేస్తా' అంటుంది కదా. మీ అంకుల్ ఎప్పుడూ అదే చదివారు."

"ఇందులో కాఫీ ఊసే లేదాంటీ. అంకుల్ కల్పించి చెప్పుంటారు." తెర దగ్గరికి వెళ్ళి ఒక్కో మాటనూ వేలితో చూపించాను కూడా.

ఆంటీ రిమోట్ పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు. "మీ నాన్న కొట్లో కొసరు వెయ్యరా అమ్మాయ్?"

షిప్‌యార్డు పనికి పొద్దున్నే బయల్దేరుతూ అంకుల్ రోజూ అనే మాట అదేనని నాకు తర్వాత తెలిసింది. కూరగాయల దగ్గర కరివేపాకు రెబ్బ కూడా వదలని నేను, ఆయన ముప్పై ఏళ్ళు వేసిన కొసరును కొసరని పోల్చుకోలేకపోయాను.

ఆ పై ఆదివారం నేనే సినిమా పెట్టాను. చివరి పలక రాగానే, "కాఫీ చల్లారకముందే వచ్చేస్తా" అన్నాను.

ఆంటీ నా భుజం తట్టారు. "మంచిదానివే. కానీ అక్కడేముందో నాకిప్పుడు తెలిసిపోయిందిగా."

మళ్ళీ ఆ సినిమా చూద్దామని ఆవిడ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడా లేరు.

ఇవాళ ఆ అద్దం అవతలామె తాళంచెవి సంగతే చెప్పిందేమో. నేను మాత్రం, చల్లారకముందే వచ్చెయ్యమంది అని చదువుకున్నాను.

లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మాట ఇచ్చినందుకు ఆంటీ మూడేళ్ళు రోజూ పొద్దున నాకు కాఫీ ఇచ్చారు. ఆ ఆదివారం మర్నాడు కూడా తప్పలేదు. నేను ఆవిడకు ఇచ్చింది ఒక్క పలక, సరైన తూకంతో.