కూలర్‌తో పాటు చెప్పుల జత

మా ముందు గదిలో ఒక జత హవాయి చెప్పులు ఉండేవి. వాటిని వేసుకుని ఎవరూ బయటికి వెళ్ళరు. అవి కూలర్ చెప్పులు. కూలర్ కొన్నప్పుడు దుకాణంలో ఉచితంగా ఇచ్చారు. కూలర్‌ను ముట్టుకోవాలంటే ముందు అవి తొడుక్కోవాలి. చుట్టాలొస్తే మంచినీళ్ళకంటే ముందు ఈ సంగతి చెప్పేవాళ్ళం.

గోదావరిఖని ఎండల్లో కూలర్ లేకుండా బతకలేం. మా క్వార్టర్ల లైనులో అందరివీ ఒకే దుకాణంలో చేయించిన ఇనుప రేకు కూలర్లే. ఆ దుకాణం మా ఆడబిడ్డ భర్తది. నేను ఆయన్ని అన్న అని పిలుస్తాను. రేకు కత్తిరించి, డబ్బా చేసి, మోటారు బిగించి, గడ్డి తడకలు పెట్టడం అంతా ఆయన పనే. ఎర్తింగ్ వైరు మాత్రం పెట్టడు. దాని బదులు చెప్పులిస్తాడు.

మా ఆయన బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. అక్కడ కరెంటు బంద్ చేసి, బోర్డుకు తాళం వేసి, ట్యాగు కట్టి, టెస్టర్ పెట్టి చూస్తే గానీ వైరు ముట్టడు. షిఫ్టు మొదట్లో రక్షణ ప్రతిజ్ఞ కూడా అందరికంటే గట్టిగా చదువుతాడట. ఇంటికొచ్చి కూలర్ చెప్పులు తొడుక్కుంటాడు. ఇదేమిటని అడిగితే, "బాయిల రూలున్నది. ఇంట్ల ఏం రూలు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ మే నెలలో అందరికీ మండుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

చిక్కు మా అత్తమ్మతో వచ్చింది. దేవుని పటాలు కూడా ఆ గదిలోనే ఉన్నాయి. దేవుని ముందు చెప్పులతో తిరగడమేమిటని ఆమె వాటిని ఏనాడూ తొడగలేదు. ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇదే అదననుకుని ఆమె వట్టి కాళ్ళతో బకెట్ తెచ్చి కూలర్‌లో నీళ్ళు పోస్తోంది. చెయ్యి రేకు మీద ఉండగానే కరెంటు వచ్చింది. కేక విని నేను వంటగదిలోంచి పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేసరికి గోడ పక్కన పడి ఉంది.

ప్రాణం దక్కింది చాలన్నారు దవాఖానలో. కుడిచెయ్యి మాత్రం అన్నం కలపడానికి కూడా పనికిరాకుండా పోయింది. నేనే తినిపించేదాన్ని. ఊరందరికీ వండిపెట్టిన మనిషి, కోడలి ముందు చిన్నపిల్లలా నోరు తెరవాలంటే ఏడ్చేది. నాకూ ఏడుపొచ్చేది.

అన్న చూడడానికి వచ్చాడు. పండ్లు తెచ్చాడు. కొత్త చెప్పుల జత కూడా తెచ్చాడు.

"పాతయి ఇరుకైనయేమోనని పెద్ద సైజు తెచ్చిన చెల్లె," అన్నాడు.

ఎర్తింగ్ ఎందుకు పెట్టలేదని అడిగాను.

"చెప్పులిచ్చిన గద. ఏసుకోకపోతే నేనేం జెయ్య?"

వెనక లైనులో ఉండే వకీలమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా విని, "చెప్పులెందుకు ఇస్తడక్కా?" అని అడిగింది.

"షాక్ కొడ్తదని."

"అంటే కొడ్తదని ఆయనకు ఎరుకే గద. ఎరుక ఉండే అమ్ముతున్నడు. చేసి అమ్మేటోడు మనిషికి ఆపతి రాకుండ చేసియ్యాలె, గది చట్టం. చెప్పులిస్తే ఆ బాధ్యత తీరదు. వాటిని పారెయ్యకుండ్రి, అవే మన సాక్ష్యం."

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంది. దెబ్బ తగిలింది అత్తమ్మకు కాబట్టి ఫిర్యాదు ఆమె పేరనే వేద్దామంది. ఇంటికొచ్చి రెండు జతల చెప్పులనూ సంచిలో చుట్టి, పట్టుచీరల పక్కన బీరువాలో పెట్టాను.

అత్తమ్మ ససేమిరా అంది. "అల్లుని మీద కేసా? నా బిడ్డ సంసారం ఏంగావాలె?" మా ఆయన, "బావ బదనాం అయితడు," అని షిఫ్టుకు వెళ్ళిపోయాడు. అన్న దుకాణం ముందు కొత్త కూలర్లు వరుసగా నిలబడ్డాయి, ఒక్కోదాని మీద ఒక్కో జత. మా లైనులోకి కొత్తగా వచ్చినవాళ్ళూ ఒకటి తెచ్చుకున్నారు. వాళ్ళింట్లో పాకే పిల్ల ఉంది. నేను భయపడి వెళ్ళి చెప్పాను.

"ఫికర్ లేదక్కా, మాకు చెప్పులిచ్చిండ్రు," అన్నారు.

ఆ ఆదివారం ఆడబిడ్డ తల్లిని చూడడానికి వచ్చింది. నా చేతిలోంచి గిన్నె తీసుకుని తనే ముద్దలు పెట్టింది. కూలర్ ఆపేసి ఉంది, ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి.

"అవ్వా, నాలుగు దినాలు మా ఇంటికి రారాదు. సల్లగుంటవు," అంది.

"కూలర్ అంటేనే బుగులైతంది బిడ్డా."

"అయ్యో, మాది గీ ఇనుపది కాదవ్వా, ప్లాస్టిక్‌ది. పట్నంల కొన్నం. గిసొంటిది మా ఇంట్ల పెట్టనియ్యడు ఆయన. పిల్లలున్నరు గద."

అత్తమ్మ నమలడం ఆపింది. తానేమన్నదో ఆడబిడ్డకు అప్పుడు అర్థమైనట్టుంది, గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

అత్తమ్మ ఆ ముద్ద నెమ్మదిగా మింగింది. నీళ్ళు అడిగి తాగింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఆ వకీలమ్మను పిలువు. ఏలిముద్ర ఎడమచేతిదే గద ఏసేది."