కాళ్లు ఆనని సీటు

భవానీపురంలో మేముండే అపార్టుమెంటు ముందు, నీడ లేని చోట మధ్యాహ్నమంతా మాడిన కారు తలుపు తెరవగానే, రెక్సిన్ వాసనను తోసుకుంటూ గంజి వాసన ఒకటి ముఖాన కొడుతుంది. అది కారుతో వచ్చిన వాసన కాదు, నేను తెచ్చిపెట్టుకున్నది. కూర్చోవడానికి ఒకటి, వీపు వెనక ఒకటి నేను వేసుకునే దిండ్లకు పాత నేత దుప్పటి చించి గలీబులు కుట్టాను. కాస్త బిరుసుగా ఉంటే జారకుండా ఉంటాయని గంజి పెట్టి ఆరేస్తాను. అయినా జారుతూనే ఉంటాయి. కానీ ఆ వాసన తగలగానే చేతులు స్టీరింగు మీద ఉండగానే మనసు పెడనలో మా ఇంటి ముందుగదిలోకి, మగ్గం పక్కకి వెళ్లి కూర్చుంటుంది. మనసుకైతే కూర్చోవడానికి ఎక్కడైనా చోటు దొరుకుతుంది, నా ఒంటికే దొరకడం లేదు.

ఈ కారు కొని ఏడాది దాటింది, ఇంతవరకూ ఇందులో కుదురుగా కూర్చోవడం నాకు చేతకాలేదు. నేను పొట్టిదాన్ని. సీటు ముందుకు లాగితే క్లచ్ అందుతుంది గాని స్టీరింగు వచ్చి పొట్టకు ఆనుకుంటుంది. వెనక్కి జరిపితే ఊపిరాడుతుంది గాని క్లచ్ కోసం బొటనవేలితో వెతుక్కోవాలి. దిండు వేసుకుంటే రోడ్డు కనిపిస్తుంది, పాదాలు గాల్లో వేలాడతాయి. దిండు తీసేస్తే పాదాలు ఆనుతాయి, బానెట్ తప్ప మరేమీ కనిపించదు. ఇవన్నీ ఎలాగో ఒక దారికి తెచ్చుకుని హమ్మయ్య అనుకున్న సాయంత్రమే మా ఆయన కారు తీసుకుని ఎక్కడికో వెళ్లొస్తారు. ఆయన ఆరడుగుల మనిషి. మర్నాడు పొద్దున నేను తలుపు తెరిచేసరికి నా సీటు బాగా వెనక్కి వాలిపోయి ఉంటుంది, అద్దంలో కారు కప్పు కనిపిస్తుంది, నా దిండ్లు డిక్కీలో స్టెప్నీ పక్కన పడి ఉంటాయి. సీటును పైకెత్తే మీట ఉన్న రకం కూడా షోరూములో ఉంది. దాని బదులు పెద్ద స్క్రీన్ ఉన్నది తీసుకుందామని ఆయనే ఎంచారు. ఆ స్క్రీన్ మీద ఇప్పటిదాకా మేము చూసింది టైము మాత్రమే.

ఉయ్యూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను తెలుగు చెబుతాను. ఎన్నో ఏళ్లు బందరు రోడ్డు మీద బస్సులో, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో క్యారేజీ సంచి పట్టుకుని, ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ నిలబడి వెళ్లాను. యాభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నాను. కంకిపాడు దాటాక అద్దం దించి, కాలవ మీంచి వచ్చే చల్లగాలి పీల్చుకుంటూ, ఆగాలనిపిస్తే ఆగి, జామకాయలు కొనాలనిపిస్తే కొని, ఎవరికీ చెప్పకుండా వెళ్లడం ఎంత సుఖమో బస్సులో నిలబడ్డ ఆడవాళ్లకే తెలుస్తుంది. ఆ సుఖాన్ని ఈ సీటు తినేస్తోంది. నడుం పట్టేస్తోందని ఎముకల డాక్టరు దగ్గరికెళ్తే, సీటన్నా సరిచేసుకోండి, డ్రైవింగన్నా మానెయ్యండి అన్నాడు. పక్కనే కూర్చున్న మా ఆయనకు రెండోది మాత్రమే వినిపించింది. దసరా సెలవులు అయిపోగానే డ్రైవరు వస్తాడు, మాట్లాడేశాను అన్నారు. వెనక సీట్లో సంచి ఒళ్లో పెట్టుకుని, మరొకరు నడిపితే వెళ్లే మనిషిగా మారిపోవడం నాకు ఇష్టం లేదు. సెలవులు అయ్యేలోపు సీటు కుదిరితే బండి నాది, లేకపోతే కాదు.

మా పెడన ఇంట్లోనూ ఇలాంటి సీటే ఒకటుండేది. మాది నేతపని ఇల్లు. ముందుగదిలో సగం మగ్గమే. గుంట మగ్గం చూడనివాళ్లకు కాస్త చెప్పాలి: నేలలో గుంట తవ్వి, దాని అంచున వేసిన పలక మీద కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే ముందు పరిచిన పడుగు దారాలు నోరు తెరుస్తూ మూస్తూ ఉంటాయి, ఆ సందులోంచి అడ్డదారం పట్టుకుని నాడె అటూ ఇటూ పరిగెడుతుంది. మా గుంట లోతు నాన్న కాళ్ల కొలతకు తవ్వింది. ఆయన దిగి కూర్చుంటే ఎవరో బొమ్మను పోతపోసి అక్కడ దించినట్టు సరిపోయేవాడు. పొద్దున్నే ఆ టకటక మొదలైతే మాకు తెల్లవారినట్టు, అది ఆగితే అన్నం వేళైనట్టు. వేసవి పొద్దుల్లో వీధి పొడవునా పడుగులు చాచి గంజి పెట్టేవారు. ఆ తడి దారాల కింద నుంచి వంగి పరిగెత్తడం మా ఆట, పట్టుబడితే వీపు పగిలేది. మధ్యాహ్నం నాన్నమ్మ పక్కన రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ, మధ్యలో తాటిముంజలు తింటూ, ఆ జిగురు నూలుకి అంటించి తిట్లు తింటూ సెలవులు గడిపేవాళ్లం. తొలకరికి కాలవల్లో చేపలెక్కితే బొమ్మిడాయల పులుసు, చవితికి ఉండ్రాళ్లు, దసరాకి నాన్న బందరు నుంచి ఆకు పొట్లంలో తెచ్చే తొక్కుడు లడ్డు. అది చాలాకాలం నేను తినలేదు. నాన్న రోజంతా కాళ్లతో తొక్కడం చూసినదాన్ని, ఆ లడ్డు కూడా ఎవరో గుంటలో దిగి కాళ్లతో తొక్కి చేస్తారనే నమ్మాను. నా వాటా అంతా తమ్ముడు తినేవాడు, రోకలితో దంచుతారన్న నిజం నాకు చెప్పలేదు.

చలికాలంలో నాన్నకు ఆయాసం వచ్చేది. నూలు దుమ్ము, పొగమంచు కలిసి ఆయన్ను మంచానికి కట్టేసేవి. అప్పుడు మగ్గం ఎక్కేది అమ్మ. అమ్మ నాలాగే పొట్టి, కాదు, నేనే అమ్మలాగా పొట్టి. ఆవిడ పలక మీద కూర్చుంటే కాళ్లు చెక్కలకు అందేవి కావు. పలక కొసదాకా జరిగి, సగం ఒళ్లు గాల్లో పెట్టి, మునివేళ్లతో తొక్కేది. చెక్క అందినప్పుడల్లా నడుం ఒక పక్కకు కుంగేది. సాయంత్రం పైకి లేచేటప్పుడు మగ్గం గుంజ పట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడిపోయేది. వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి నడుం మీద వెయ్యడం నా పని. గుంటలో జానెడు మట్టి వెయ్యండి, అంతకన్నా ఏమీ అడగను అని అమ్మ అడిగిన మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

నాన్నమ్మ గుండెలు బాదుకునేది. "మగాడు బతికుండగానే మగ్గం గుంటలో మట్టెయ్యమంటావేంటే! నోట్లోంచి ఆ మాట ఎట్టా వచ్చిందే నీకు?"

నాన్న అలా అనేవాడు కాదు. ఆయనది మెత్తని గొంతు. "సర్దుకోవే. నాలుగు రోజులు పోతే అలవాటైపోద్దిలే" అనేవాడు. నాన్నంటే నాకు ప్రాణం. ఆ మాట మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.

తెలుగు చెప్పే మనిషిని కాబట్టి ఈ మాట దగ్గర నేను తరచూ ఆగిపోతాను. సర్దడం వేరు, సర్దుకోవడం వేరు. సీటును, గుంటను, పలకను సర్దవచ్చు, అవి కిమ్మనవు. కానీ మనవాళ్లను వస్తువును సర్దమని అడిగితే చాలు, మనల్ని సర్దుకోమంటారు. షోరూములో పిల్లాడు అదే అన్నాడు, డ్రైవింగు నేర్పినాయన అదే అన్నాడు, మా ఆయన వారానికొకసారి అదే అంటారు. నా నడుంలో నొప్పి ఎక్కువో, ఆ మాట విన్నప్పుడు వచ్చే మంట ఎక్కువో చెప్పలేను.

వానాకాలం వస్తే మా గుంటలో ఊట ఊరేది. డెల్టా నేల, రెండు జల్లులు పడితే చాలు, అడుగు నుంచి నీళ్లు పైకొచ్చేవి. మగ్గం ఆపేసేవాళ్లు. పెద్దవాళ్లకు అది పస్తుల కాలం, మాకు పండగ. ఇంట్లోనే చెరువు. కాగితం పడవలు వదిలేవాళ్లం, కప్పలు దూకితే పడవలు మునిగిపోయేవి, నాన్నమ్మ చీపురుతో కప్పల్నీ మమ్మల్నీ కలిపి తరిమేది. వానలు వెనకపట్టాక నీళ్లు తోడి, కాలవగట్టు నుంచి జిగురు మట్టి తెచ్చి గుంట అడుగూ అంచులూ మెత్తి ఆరబెట్టడం నాన్న పని. ఒక ఏడాది ఆయన సరుకు ఇవ్వడానికి బందరు వెళ్లి రెండు రోజులు ఉండిపోతే, అమ్మే తట్టతో మట్టి మోసుకొచ్చింది. అడుగున మెత్తింది, మళ్లీ మెత్తింది, పాదాలతో తొక్కి గట్టి చేసి, తొక్కే చెక్కల్ని పైకి జరిపి కట్టింది. జానెడు పైకొచ్చింది నేల. ఆరాక ఒక పొద్దున పలక మీద వెనక్కి జరిగి, హాయిగా కూర్చుని, రెండు పాదాలూ ఆనించి తొక్కి చూసి, నా వైపు తిరిగి నవ్వింది. ఆవిడ మగ్గం మీద కూర్చుని నవ్వడం నేను చూసింది అప్పుడే.

నాన్న వచ్చి కూర్చున్నాడు. మోకాళ్లు పైకి లేచి గుడ్డ చుట్టే దోనెకు కొట్టుకున్నాయి. లోపలికి తొంగిచూశాడు.

"ఎవరి కొలతకేశావే ఇది?"

"నా కొలతకి."

నాన్న కోప్పడి ఉంటే బాగుండేది. నవ్వాడు, చిన్నపిల్ల ఏదో ముద్దుపని చేసినట్టు నవ్వి, పెరట్లోంచి గునపం తెచ్చుకుని గుంటలో దిగాడు. తవ్విన మట్టిని తట్టకెత్తి పెరట్లో పోసి వచ్చింది అమ్మే. ఆ చలికాలం నాన్నకు మళ్లీ ఆయాసం వచ్చింది, అమ్మ మళ్లీ మునివేళ్లతో తొక్కింది, ఆవిడ పోయేనాటికి నడుం వంగిపోయి, గోడ పట్టుకోకుండా నడవలేకపోయేది.

ఈ సెలవుల్లో తమ్ముడు పెడన ఇంటికి టైల్స్ వేయిస్తున్నాడంటే చూడ్డానికి వెళ్లాను. వాడిప్పుడు బట్టల కొట్టు నడుపుతున్నాడు. మగ్గం ఎప్పుడో విప్పి అటకెక్కించారు, గుంట మీద పాత తలుపు కప్పి ఉంచారు. మా వీధిలో ఇప్పుడు పొద్దున్నే ఏ చప్పుడూ లేదు, పడుగులు చాచిన చోట మోటారు సైకిళ్లు ఉన్నాయి. ట్రాక్టరు మట్టి తెచ్చి వాకిట్లో పోసింది. పనివాళ్లు తలుపు తీసి పక్కన పెట్టి, సెల్‌ఫోన్లో పాటలు వింటూ, టీ చల్లారేలోపు గుంట నింపేశారు. పైన నీళ్లు చల్లి గట్టిగా కొట్టారు. వద్దన్నవాళ్లు లేరు, గుండెలు బాదుకున్నవాళ్లు లేరు. అమ్మ అడిగింది జానెడే. ఆ వాకిట్లో నిలబడి నేను ఏడవలేదు, నాకు ఒళ్లు మండిపోయింది. తమ్ముడి భార్య కాఫీ తాగమంటున్నా వినకుండా కారెక్కి, దిండ్లు సర్దుకుని, తిన్నగా విజయవాడ ఆటోనగర్‌కి వచ్చేశాను.

అక్కడ సీట్ల పని చేసే ఒకాయన అంతా చూశాడు. సీటు కింద ఇనప దిమ్మలు వేసి ఎత్తుతాం, పెడల్స్ మీద మందం పలకలు బిగిస్తాం, మడమల కింద ఎత్తు పీట వేస్తాం, మీకు బాగా కుదురుద్ది మేడమ్ అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు.

"కానీ సార్ కూర్చోలేరండీ. మోకాళ్లు స్టీరింగుకి తగుల్తయ్. ఓ మాట సార్ని అడగండి."

సార్‌కి ఫోన్ చేశాను, అడగడానికి కాదు, చెప్పడానికి. అంతా విన్నారు.

"మరి నేనెట్టా నడపాలి?"

"మీరు మాట్లాడి పెట్టిన డ్రైవరున్నాడు కదండీ. అతన్ని వద్దనకండి, మీకు పనికొస్తాడు. అతనూ పొడుగైతే కాస్త పొట్టివాణ్ని చూసుకోండి" అని పెట్టేశాను.

పని పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. దిండ్లు రెండూ వెనక సీట్లోకి విసిరేసి కూర్చున్నాను. మడమలు పీటకు ఆనాయి, వీపు సీటుకు ఆనింది, రోడ్డు రోడ్డులా కనిపించింది. బెంజి సర్కిల్ దాకా ఒక్క మెలిక కూడా లేదు నడుంలో. ఇంత సుఖం ఇంత తేలికైన పనైతే అమ్మకెందుకు చెయ్యలేదు వీళ్లంతా అన్న ఆలోచన రాగానే ఆ సుఖం కాస్తా విరిగిపోయింది. పోట్లాడదామంటే నాన్న లేడు, నాన్నమ్మ లేదు, కనీసం చూపించి అడగడానికి ఆ గుంట కూడా ఇప్పుడు లేదు. సిగ్నల్ దగ్గర కోపమంతా అరచేతిలోకి వచ్చి హారన్ మీద పడింది. ముందున్న ఆటో అతను తల బయటపెట్టి అరిచాడు.

"ఏందమ్మా ఆ తొందర? కాస్త సర్దుకోలేవా?"

మళ్లీ కొట్టాను.