దారంతో కొలిచిన జొహానెస్‌బర్గ్

ఆ రోజుల్లో మా రాజమండ్రిలో విమానం ఎక్కినవాడికంటే విమానాల గురించి మాట్లాడేవాడికే గౌరవం ఎక్కువ. నేను రెండో రకం. ట్రావెల్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరి మూడు నెలలు కాకుండానే (అప్పటికి విమానాన్ని ఆకాశంలో తప్ప చూడలేదు) ఏ ఊరికి ఎన్ని గంటల ప్రయాణమో ప్రపంచమంతా నన్నడిగి తెలుసుకోవాలన్నంత పొగరెక్కింది. నా విద్యంతా ఒక స్కూలు అట్లాసు, ఒక దారప్పోగు. ఊరి నుంచి ఊరికి దారం పరిచి, స్కేలు మీద కొలిచి, వచ్చిన కిలోమీటర్లను గంటకి ఎనిమిది వందల చొప్పున భాగించడం. ఇంతోటి దానికి కళ్లజోడు కూడా పెట్టేవాణ్ణి, చూపు శుభ్రంగా ఉన్నా.

మండపేటలో రైసుమిల్లు ఉన్న మా మావయ్య బియ్యం బేరానికి జొహానెస్‌బర్గ్ బయలుదేరాడు. అక్కడ కొనే ఆసామి ఎయిర్‌పోర్టుకే వచ్చి, బియ్యం చూసి, మధ్యాహ్నానికి వేరే దేశం పోతాడట. టికెట్లో, విమానం బొంబాయిలో సోమవారం తెల్లవారుజామున రెండింటికి బయలుదేరి, ఏడున్నరకి దిగుతుందని ఉంది. నా దారం మాత్రం ఏడు వేల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు అంది.

"అచ్చుతప్పండి మావయ్యా. పదకొండింటికి గానీ దిగరు" అన్నాను.

"కంపెనీవాళ్లు తప్పేస్తారేంట్రా అల్లుడూ?"

"వాళ్లకేం తెలుసండీ!" అన్నాను చప్పరించేస్తూ. ఎవరికీ చెప్పకుండా, పదకొండింటికి రమ్మని ఆ ఆసామికి ఫ్యాక్స్ కొట్టేశాను.

వారం తర్వాత ఓనరుగారు ఆ ఫ్యాక్స్ నకలు చూశారు. "అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనకుంటుందని తెలీదయ్యా నీకు? టికెట్లో ఉన్నది అక్కడి టైము! రేపట్నుంచి రావక్కర్లేదు" అని కేకలేస్తుండగా మావయ్య లోపలికొచ్చాడు.

"భలేవారండీ!" అన్నాడు మావయ్య. "సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం కదండీ. అది చూసే మావాడు పదకొండింటికి పెట్టాడు. బేరం కుదిరిందండీ! ఇలాంటి కుర్రాణ్ణి వదులుకుంటారేంటి?"

"చూశానండి" అన్నాను నేను, సిగ్గులేకుండా. మావయ్య ఎంత వెర్రివాడో అని లోపల నవ్వుకున్నాను కూడా.

ఏళ్ల తర్వాత ఆ వెర్రితనం గురించే అత్తయ్య దగ్గర నవ్వబోయాను. గారెలు వడ్డిస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది.

"మీ మావయ్య రాహుకాలం ఎప్పుడు నమ్మారురా? మిల్లు తెరిచిందే రాహుకాలంలో. అక్కడ ఇంగ్లీషు రాక, బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని, ఆ మనిషి వస్తాడో రాడో అని మూడున్నర గంటలు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారంట. మంచినీళ్లకి కూడా లేవలేదంట. ఇంటికొచ్చి ఒక్కటే అన్నారు, 'కుర్రాడికి మొదటి ఉద్యోగం, పోకూడదు' అని."

ఆ పూట గారెలు తినకుండానే లేచాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ ఇరవై రెండేళ్ల సర్వజ్ఞుడు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. పట్టుకుని నాలుగు మొట్టికాయలు వేయాలనిపిస్తుంది. మావయ్యే వేయలేదు కదా అని, నవ్వి వదిలేస్తాను.