వల పట్టుకుని వచ్చినవాళ్ళు

ఆ రోజుల్లో నాకు శనాదివారాలంటే భయం. ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో ఉద్యోగం కొత్త, ఫ్లాట్ కొత్త, తెలిసినవాళ్ళు సున్నా. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో "హ్యావ్ ఎ గుడ్ వీకెండ్" అన్న నోరు మళ్ళీ సోమవారం "గుడ్ మార్నింగ్"కే తెరుచుకునేది (మధ్యలో సూపర్‌మార్కెట్‌లో బిల్లు వేసే మెషిన్ నాతో మాట్లాడేది కానీ, సంచీ సరిగ్గా పెట్టమని కసరడం తప్ప దానికి వేరే కబుర్లు రావు). అందుకే మా టీమ్ లీడ్ ఓ రోజు, వేల్స్‌లో సాల్మన్, సీ ట్రౌట్ చేపలు పట్టడానికి వెళ్తున్నాం, వస్తావా అనగానే, ఏ నదో ఎంత దూరమో కూడా కనుక్కోకుండా ఒప్పేసుకున్నాను. నలుగురితో కూర్చుని రోజంతా కబుర్లు చెప్పుకోవచ్చని నా ఆశ. పెద్ద గిన్నెడు పులిహోర కూడా కలిపి పట్టుకెళ్ళాను.

తీరా వెళ్ళాక తెలిసింది, అక్కడ చేపలు పట్టడమంటే ఎవరి రాయి మీద వాళ్ళు నిలబడి నోరు మూసుకోవడమని. టీమ్ లీడ్ ఓ మలుపులో, అతని స్నేహితులిద్దరూ ఇంకో మలుపు అవతల మాయమయ్యారు. నాకు ఛాతీ దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడిగి, గాలం విసరడం నేర్పినాయన టీమ్ లీడ్ మామగారు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. (అంకుల్ అని పిలిస్తే, ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశారు.) చేప తగిలితే గట్టిగా కేకెయ్యి, అందరం వల పట్టుకుని వస్తాం, ఇక్కడ అదే పద్ధతి అని చెప్పి, ఆయనా కాస్త దూరం జరిగి మౌనంలోకి వెళ్ళిపోయారు. చుట్టూ నల్లటి రాళ్ళు, నీళ్ళ హోరు, సన్నటి వాన. ఇంత దూరం వచ్చి కూడా ఒంటరిగానే ఉన్నానే అని నిజంగానే ఏడుపొచ్చింది. ఫ్లాట్‌లో అయితే కనీసం హీటర్ ఉండేది.

మధ్యాహ్నం దాటాక గాలపు కర్ర ఒక్కసారిగా ఒంగిపోయింది. ప్రాణం పెట్టి అరిచాను. అందరూ రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చారు. ఒడ్డున నిలబడి ఒకరు కర్ర ఎత్తమని, ఒకరు దించమని, ఇంకొకరు నా పేరు తప్పు పలుకుతూ శభాష్ అని. అంతమంది నాకోసం మాట్లాడటం ఆ దేశంలో అదే మొదలు. అంకుల్ వలతో నా పక్కనే నీళ్ళలోకి దిగారు. అప్పుడు మొదలైంది నాకు అనుమానం. ఎంత లాగినా ఈ చేప అటూ ఇటూ కదలదే! నీటి ఊపుకి దారం వణుకుతోందంతే. సిగ్గుతో చచ్చిపోతూ, "అంకుల్, ఇది రాయేమోనండీ" అన్నాను.

ఆయన నీళ్ళవైపే చూస్తూ, ఒడ్డుకి వినపడకుండా అన్నారు: "తెలుసు. కాసేపు అలాగే పట్టుకో. వీళ్ళంతా ఒక్కచోటికి చేరి చాలా కాలమైంది."

పట్టుకున్నాను. పెద్దదే, తొందరపడకు అని ఆయన పైకి అరుస్తుంటే, నేను ముందుకీ వెనక్కీ ఊగుతూ ఆ రాయితో కుస్తీ పట్టాను. చివరికి దారం తెగింది. ఒడ్డున అందరూ అయ్యో అన్నారు. ఆ ఓదార్పులోనే గిన్నె మూత తీశాను. పులిహోర తింటూ (పచ్చిమిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు కూడా లేచి వెళ్ళలేదు) తప్పించుకున్న చేప గురించి, అంతకుముందు ఏళ్ళలో తప్పించుకున్న చేపల గురించి సాయంత్రం దాకా చెప్పుకుంటూనే ఉన్నారు. అందరికంటే ఎక్కువ మాట్లాడింది అంకుల్. మా రాయి ఎంత పొడవుందో చేతులు చాచి మరీ చూపించారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. టీమ్ లీడ్ ఇంకో దేశం వెళ్ళిపోయాడు. నేను మాత్రం ఏటా ఆ నదికి వెళ్తుంటాను. విద్య బాగానే పట్టుబడింది, ఇప్పుడు నా గాలానికి నిజం చేపలే పడుతున్నాయి. ఒక్కడినే వలతో అందుకుంటాను, ఒక్కడినే మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తాను. ఎవరినీ కేకేయాల్సిన అవసరం రాదు. ఇంత బాగా ఎందుకు నేర్చుకున్నానురా బాబూ అని ఒక్కోసారి నవ్వొస్తుంది.